ఎడం చేత్తో మిరపకాయలు కోసిన అమ్మాయి

ఫిబ్రవరి వచ్చిందంటే మా పల్నాడులో గాలి కూడా ఘాటెక్కుతుంది. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి మీదుగా వచ్చే గాలి అది. పైఊరి చుట్టాలు తుమ్ముతారు, మాకు అలవాటే. నాకు మాత్రం ఆ ఘాటు ముక్కుకు తగలగానే పదో తరగతి పరీక్షలు గుర్తొస్తాయి. నేను రాసింది 1991 మార్చిలో. ఆ తర్వాత టీచర్నై ఎన్ని బ్యాచ్‌లను పరీక్షలకు పంపానో లెక్కలేదు గానీ, ఆ సంవత్సరం మాత్రం నాలోంచి పోలేదు.

మాది సత్తెనపల్లికి దగ్గర్లో ఒక పల్లె. ఊరి చివర జిల్లా పరిషత్ హైస్కూలు. ఆరు గదులు, రెండు రేకుల షెడ్లు. ఏడో తరగతి దాకా నా పక్కన కూర్చుని చదివినవాడు మా పెద్దమ్మ కొడుకు. నాకంటే నాలుగు నెలలు పెద్ద. అన్నయ్య అనమని ఇంట్లో అందరూ చెప్పేవాళ్లు, నేను పేరు పెట్టే పిలిచేదాన్ని. ఇద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లం, ఒకే అమ్మమ్మ చేతి ముద్దలు తిన్నవాళ్లం. అప్పట్లో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. అందులో వాడి కంటే నాకు తొమ్మిది మార్కులు ఎక్కువొచ్చాయి. మా నాన్న ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఒక వారం తిరిగాడు.

ఆ వేసవిలో పెదనాన్న నరసరావుపేటలో ఎరువుల కొట్టు పెట్టాడు. కుటుంబం అక్కడికి మారింది. వాడిని ఒక ప్రైవేటు స్కూల్లో చేర్చారు. నేను ఊళ్లోనే ఉండిపోయాను.

మూడేళ్ల తర్వాత పదో తరగతిలో వాడికి 600కి 471. నాకు 378. నా పక్క బెంచీ అమ్మాయి లెక్కల్లో 29తో ఆగిపోయింది. పాసుకు ఆరు మార్కులు తక్కువ. వీటిని బట్టి ఎవరు తెలివైనవాళ్లో, ఎవరు మొద్దులో చెప్పొచ్చని అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. మా ముగ్గురినీ దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి, నేను ఆ మాట ఒప్పుకోను.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా మా లెక్కల మాస్టారికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. సోషల్ మాస్టారు తన పీరియడ్లు తను చూసుకుంటూ, లెక్కలు కూడా చెప్పారు. ఆయన్ని నేను తప్పు పట్టను. తనకు రాని లెక్కను ముందురోజు రాత్రి ఇంట్లో కూర్చుని చేసుకుని వచ్చి, చెమటలు కక్కుతూ బోర్డు మీద వేసేవారు. మధ్యలో ఎక్కడైనా తప్పితే మొత్తం చెరిపేసి, "రేపు చూద్దాం" అనేవారు. ఆ రేపులు చాలా పోగుపడ్డాయి. కొత్త మాస్టారు వచ్చేసరికి కార్తీక మాసం. పదో తరగతిలో సగం అయిపోయింది, త్రికోణమితి అనే మాట కూడా మేం వినలేదు.

సంక్రాంతి సెలవులకు పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. వాడి పుస్తకాలు తిరగేస్తే కడుపులో దేవినట్టయింది. సిలబస్ మొత్తం డిసెంబరుకే ఐపోయిందట. పదో తరగతి పాఠాలు తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టేశారట. ఇప్పుడు రోజూ ఒక పరీక్ష. పొద్దున రాసిన పేపరు సాయంత్రానికి దిద్ది ఇస్తారు. తప్పు చేసిన లెక్క అయిదుసార్లు చేసి చూపించాలి. రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ. ఎనిమిదింటికి పెద్దమ్మ క్యారియర్ పంపేది. వాడు నాకంటే ఎక్కువ కష్టపడ్డాడనే చెప్పాలి, ఆ మాట దాచను. కానీ వాడి కష్టానికి ఒక టైం టేబుల్ ఉంది, దిద్దే మనిషి ఉన్నాడు, అన్నం వేళకు వస్తుంది. పరీక్షలు మొదలయ్యేనాటికి వాడు ఒక్కో పేపరూ పది పన్నెండుసార్లు రాసి ఉన్నాడు. మేము ఆ ప్రశ్నపత్రం ఆకారాన్ని పరీక్ష హాల్లోనే మొదటిసారి సరిగ్గా చూశాం.

ఇప్పటి పిల్లలకు తెలియదు, అప్పుడు పదో తరగతంటే పదకొండు పేపర్లు. హిందీ ఒక్కటే ఒక పేపరు, మిగతావన్నీ రెండేసి. హిందీకి 20 వస్తే పాసు, మిగతా వాటిలో 35 రావాలి. 360 దాటితే ఫస్ట్ క్లాస్. రెండు వారాల పాటు సాగేవి. అదే సమయంలో మా ఊళ్లో మిరప కోతలు.

ఈ సంగతి బయటివాళ్లకు విడమరిచి చెప్పాలి. మిరప నారు వానాకాలంలో నాటుతాం. జనవరిలో కోత మొదలవుతుంది. ఒక కోతతో అయిపోయే పంట కాదు. పండినవి పండినట్టు కోస్తూ పోవాలి, మార్చి, ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఆలస్యమైతే కాయ చెట్టు మీదే ఎండి రాలుతుంది. ఒక్క వాన పడిందంటే కల్లంలో ఆరబోసిన కాయ రంగు పోతుంది, గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. ఊరంతా అప్పు తీరేదీ, పెళ్లిళ్లు కుదిరేదీ ఆ రెండు మూడు నెలల మీదే. అప్పుడు ఎన్ని చేతులున్నా చాలవు. పదిహేనేళ్ల ఆడపిల్లంటే పూర్తి కూలీ కిందే లెక్క. సంక్రాంతి పోయాక మా క్లాసులో ఆడపిల్లల బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యేవి. రిజిస్టరులో మాత్రం అందరి పేర్లూ ఉండేవి.

కొత్త లెక్కల మాస్టారు సైకిలేసుకుని ఇంటింటికీ తిరిగారు. నా పక్క బెంచీ అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమయ్యా, ఒక్క రెండు నెలలు. పిల్లని బడికి పంపు. పాసు చేయించే పూచీ నాది" అన్నారు మాస్టారు.

వాళ్ల నాన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పంపకూడదని కాదండి మాస్టారూ. ఇద్దరం కోస్తే ఆ పూట బియ్యానికే సరిపోద్ది. మూడో చెయ్యి ఉంటే వడ్డీకి నాలుగు రూపాయలు మిగులుతాయండి. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారు?"

మాస్టారు ఏమీ అనలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పొద్దున చీకటితో వెళ్లి పన్నెండింటి దాకా కోత, మధ్యాహ్నం బడి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మాస్టారి క్లాసు. ఆ అమ్మాయి అలాగే చేసింది. మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో కళ్లు మూతలు పడుతుంటే, నా మోచేత్తో పొడిచి లేపమని తనే అడిగేది.

ఆదివారాలు నేనూ మా కౌలు చేనికి వెళ్లేదాన్ని. ఒక ఆదివారం తను మా చేలోకే కూలికి వచ్చింది. మా సాళ్లు పక్కపక్కనే. చూస్తే కుడి చెయ్యి ఓణీలో చుట్టుకుని, ఎడం చేత్తో కోస్తోంది. తొడిమ విరగకుండా కాయ తుంచాలంటే వేళ్లు అలవాటుపడి ఉండాలి. ఎడం చేత్తో నిదానంగా సాగుతోంది. అందరూ సాలు చివరికి వెళ్లిపోయారు, తను మధ్యలోనే ఉంది.

"ఎందుకే ఎడం చేత్తో?" అన్నాను.

"కుడి చెయ్యి మండితే రేపు పెన్ను పట్టుకోలేనే" అంది.

ఆ మంట అనుభవిస్తే గానీ తెలియదు. కోసేటప్పుడు ఏమీ అనిపించదు. చేతులు కడిగాక మొదలవుతుంది. గోళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా భగభగ. మజ్జిగలో ముంచుతాం, కొబ్బరినూనె రాస్తాం, తడిమట్టి పూస్తాం. తగ్గినట్టే ఉంటుంది, దీపం దగ్గర కూర్చుని పెన్ను పట్టుకునేసరికి వేళ్లకు వేడి తగిలి మళ్లీ లేస్తుంది. అందుకే పిల్ల తన కుడి చెయ్యిని పరీక్షల కోసం దాచుకుంది. మేస్త్రి చూసి కేకలేశాడు, "ఒక చెయ్యి ఎవరికైనా అరువిచ్చి వచ్చావా?" అని. ఆ పూట తనకు కూలి తగ్గించి ఇచ్చారు. ఇచ్చింది మా నాన్నే. అప్పుడు నాకు నోరు రాలేదు. ఇప్పటికీ అది నన్ను గుచ్చుతుంది.

మార్చి వచ్చేసరికి మా అమ్మ నన్ను పూర్తిగా చేను మాన్పించింది. నాన్న గొణిగితే, "దాని వంతు నేను కోస్తా" అంది. తన వంతు, నా వంతు కలిపి అమ్మే కోసింది. నా ఫస్ట్ క్లాసుకీ, నా స్నేహితురాలి ఫెయిలుకీ మధ్య ఉన్న తేడా అంతా ఆ ఒక్క నెలే. ఇది వినయం కోసం చెప్పడం లేదు. తొమ్మిదో తరగతి దాకా తను లెక్కల్లో నాకంటే చురుకు.

పరీక్ష సెంటరు మండల కేంద్రంలో. మా నలుగురు ఆడపిల్లల్ని తెలిసినవాళ్లింటి వసారాలో ఉంచారు. తను ఉండలేదు. పరీక్ష లేని రోజు కోతకు వెళ్లాలి కాబట్టి బస్సులో వచ్చిపోయేది. లెక్కలు రెండో పేపరు రోజు నేను తనకు వెనక, ఏటవాలుగా కూర్చున్నాను. గంట కొట్టి అరగంట కాలేదు, తను పెన్ను కింద పెట్టి వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకోవడం చూశాను. ముందురోజు మేస్త్రి మాట పడలేక రెండు చేతులతోనూ కోసిందని తర్వాత చెప్పింది. చెయ్యి ఓణీకి తుడుచుకోవడం, రెండు లైన్లు రాయడం, మళ్లీ ఊదుకోవడం. అలా రెండున్నర గంటలు.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు, బస్సులో వచ్చిన ఆ ఒక్క పేపరు కోసం ఊరి టీ కొట్టు దగ్గర తిరునాళ్లలా జనం. పాసైనవాళ్ల నంబర్లు వరసగా వేసేవాళ్లు. మా స్కూలు నంబర్లు వచ్చేచోట రెండు అంకెలు ఉంటే అయిదు అంకెలు దూకేది. 54 మందిమి రాస్తే 17 మందిమి పాస్. అదే పేజీలో మావాడి స్కూలు నంబర్లు తెగని దండలా ఉన్నాయి. టీ కొట్టు దగ్గరున్న ఒక పెద్దాయన పేపరు మడుస్తూ, "మన బడిలో చదువు లేదురా" అన్నాడు. కొత్త లెక్కల మాస్టారు అక్కడే బెంచీ మీద ఉన్నారు. గ్లాసులో టీ అలాగే వదిలేసి సైకిలెక్కి వెళ్లిపోయారు.

1996 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. సెకండరీ గ్రేడ్‌లో చేరి, తర్వాత డిగ్రీ, బీఈడీ పూర్తి చేసుకుని లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని అయ్యాను. అప్పుడు గానీ ఆ తెగని దండ రహస్యం నాకు పూర్తిగా అర్థం కాలేదు.

ప్రతి జూన్‌లోనూ మా హైస్కూలుకు కొంతమంది పిల్లలు టీసీలు పట్టుకుని వస్తారు. పట్నంలో చదివి, తొమ్మిదో తరగతి యాన్యువల్‌లో మార్కులు తగ్గినవాళ్లు. "మీవాడు మా దగ్గర అయితే పాస్ కాడండి, గవర్నమెంటు స్కూల్లో వేసుకోండి" అని తల్లిదండ్రులకు నచ్చజెప్పి పంపేస్తారు. ఆ పిల్ల గానీ పిల్లాడు గానీ మా బడిలో చదివేది పదినెలలు. ఫెయిలైతే ఆ ఫెయిలు మా ఖాతాలో పడుతుంది. ఇంకోపక్క మా ఊరి ప్రైమరీలో చురుగ్గా ఉన్న పిల్లలు నవోదయకో, గురుకులానికో ప్రవేశ పరీక్ష రాసి వెళ్లిపోతారు. వెళ్లాలి కూడా, నేనే దగ్గరుండి అప్లికేషన్లు నింపిస్తాను. పైనుంచి మీగడ తీసేశాక, కింద ఇంకొన్ని నీళ్లు కలిపాక, ఈ పాలు పలచగా ఉన్నాయేమని అడిగితే ఏం చెప్పను?

మా కల్లాల్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరతారు. రంగు తగ్గిన కాయ, మచ్చ పడిన కాయ వేరే కుప్ప. ఎర్రగా నిగనిగలాడేది మాత్రమే మేలురకం బస్తాలోకి పోతుంది. ఆ బస్తా చూపించి, నా చేలో తాలే లేదని ఏ రైతైనా అంటే మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా నమ్మడు. ఏరేశావు కాబట్టి లేదంటాడు. స్కూళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నూటికి నూరు శాతం అని ఫ్లెక్సీ కట్టగానే నమ్మేస్తాం. పిల్లల్ని తాలుతో పోల్చడం నాకు బాధగానే ఉంది. ఏ పిల్లా తాలు కాదు. కానీ జరిగే ఏరివేత మాత్రం అచ్చంగా అదే.

మంచి బడులు లేవని కాదు. మాకు దగ్గర్లోనే ఉన్న తాడికొండ గురుకులం పేరు ఆ రోజుల్లో రాష్ట్రమంతా మోగేది. పీవీ నరసింహారావు గారి హయాంలో 1971లో సర్వేలులో మొదటి గురుకులం, ఆ వెంటనే తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. కూలీల పిల్లలు, చిన్న రైతుల పిల్లలు అక్కడి నుంచి స్టేట్ ర్యాంకులు తెచ్చారు. ప్రవేశ పరీక్షలో ఎంపికైన పిల్లలే, నిజమే. కానీ వాళ్లకు దొరికిన ఇంకో సంగతి, మిరప చేను పిలవని సాయంత్రం. అయిదింటికి లేపేవాళ్లు, రాత్రి స్టడీలో పక్కనే మాస్టారు, మూడుపూటలా అన్నం. ప్రైవేటు స్కూలు డబ్బుతో కొనిపెట్టినదాన్ని గురుకులం ఉచితంగా ఇచ్చింది. మా జడ్పీ స్కూలు పిల్లకు నాలుగున్నరకు గంట కొట్టాక బడికీ తనకూ సంబంధం తెగిపోతుంది. ఆ నాలుగున్నర నుంచి పడుకునేదాకా ఏం జరుగుతుందన్నదే పర్సంటేజీలో కనపడుతుంది.

స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రోజుకు నలభై పేపర్లు దిద్దుతాం. ఏ స్కూలువో మాకు తెలియదు, కోడ్ నంబర్లే ఉంటాయి. అయినా ఒక కట్ట విప్పగానే తెలిసిపోతుంది. వరసగా పదిహేను పేపర్లలో అదే పద్ధతి, ప్రతి స్టెప్పూ కొత్త లైనులో, జవాబు చుట్టూ డబ్బా. ఎన్నోసార్లు రాయించి, దిద్ది, మళ్లీ రాయించారన్నమాట. ఇంకో కట్టలో ఒక్కో పేపరు ఒక్కో దారి. లెక్క ఆలోచన సరిగ్గా ఉంటుంది, స్టెప్పులు ఉండవు. సగం పేజీలో చేసి, చివర అంకె కూడటంలో పోగొట్టుకుంటారు. అలాంటి పేపరు చేతికొస్తే నేను ఒకటికి రెండుసార్లు చూస్తాను. స్టెప్పుకు మార్కు ఉన్నచోట ఆ మార్కు ఇవ్వకుండా వదలను.

మీటింగుల్లో మాత్రం ఒకే ప్రశ్న, "మీ స్కూలు పర్సంటేజీ ఎందుకు తగ్గింది?" ఒక ఏడు మా బడిలో 18 మంది రాశారు. ఒక పిల్ల ఫెయిలైతేనే అయిదున్నర శాతం పోతుంది. ఆ పిల్లకు జనవరిలో అమ్మ చనిపోయింది. ఈ విషయం రాయడానికి ఫారంలో గడి లేదు.

రాష్ట్రం లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. కరోనా వల్ల రెండేళ్లు పరీక్షలే జరగలేదు. 2022లో మళ్లీ పెడితే 67.26. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి సగం సగమే నడిచిన బ్యాచ్ అది. ఆ ఏడు మా క్లాసులో ఇంట్లో ఫోను ఉన్న పిల్లలెవరో, లేనివాళ్లెవరో మార్కుల లిస్టు చూసి చెప్పగలిగాను. ఇక అడవి ప్రాంతాల పిల్లలకు చదువు అబ్బదు అనేవాళ్లకు నేను రెండు జిల్లాల పేర్లు చెబుతాను. పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ వరసగా రాష్ట్రంలో మొదటి స్థానం. 2025లో అక్కడ 93.90 శాతం. అదే ఏడు అట్టడుగున అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64. రెండూ గిరిజన జిల్లాలే, రెండుచోట్లా కొండలే. తేడా పిల్లల పుట్టుకలో ఉంటే ఈ రెండు అంకెలు ఇంత దూరంగా ఉండవు కదా.

నా పక్క బెంచీ అమ్మాయి సెప్టెంబరు సప్లిమెంటరీ రాయలేదు. ఆ శ్రావణంలోనే పెళ్లి చేశారు, అదీ మా ఊళ్లోనే. ఇప్పుడు తనే ముఠా మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్లను పొద్దున్నే ఆటోల్లో చేలకు తీసుకెళ్తుంది. కూలి లెక్కలన్నీ నోటితోనే. ఎవరికి ఎన్ని పూటలు, ఎంత బాకీ, ఒక్క పైసా తేడా రాదు. ఆ లెక్కలు వింటుంటే నాకు ఆ 29 గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

నాలుగేళ్ల కింద నేను మళ్లీ మా ఊరి హైస్కూలుకే బదిలీ మీద వచ్చాను. జనవరి చివర పదో తరగతి ఆడపిల్లలు ఆరుగురు రావడం మానేశారు. ఎక్కడికి వెళ్తున్నారో అడగక్కర్లేదు. సాయంత్రం నా స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని చేతులకు కొబ్బరినూనె రాసుకుంటోంది. నన్ను చూసి, "రావే, కూర్చో" అని పీట జరిపింది.

"నీ ఆటోలో నా పిల్లలు ఆరుగురున్నారే" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. రెండు చేతులూ రుద్దుకుంటూనే ఉంది.

"ఒప్పుకున్న చేలున్నాయి. వీళ్లను దించేస్తే పక్క ఊరి నుంచి మనుషుల్ని తెచ్చుకోవాలి" అంది. తర్వాత లోపలికి వెళ్లి, గోడకు తగిలించిన క్యాలెండర్ తీసుకొచ్చి నా ముందు పెట్టింది. "చివరి పరీక్ష ఏ తారీఖు? దాని చుట్టూ గుండ్రంగా గీసివ్వు. ఆ మర్నాడు వచ్చి నేనే తీసుకెళ్తా."

నా సంచిలో ఎర్ర పెన్ను ఉంది. తీసి గీశాను. సోమవారం పొద్దున ఆరుగురిలో అయిదుగురు బడికి వచ్చారు. ఆరో పిల్ల కోసం మధ్యాహ్నం తను మళ్లీ వాళ్లింటికి వెళ్లిందట.